తొమ్మిదో భాగం ఇంకోసారి వాయిదా పడాలి!

మనిషి ఆయుష్షు పెంచే మందు ఒకటే ఉంది. దాని పేరు వాయిదా!

నవ్వకండి. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే ఈ క్యుబెక్ నగరంలో ఇరవయ్యెనిమిదేళ్ళు బడిపిల్లలకు చరిత్ర చెప్పి రిటైరై, ఇప్పుడు పత్రికలో ఈ కాలమ్ రాసుకుంటున్నవాణ్ణి నేను. ఊరికే నోరు పారేసుకునే అలవాటు నాకు లేదు. ఆలస్యం అమృతం విషం అన్న పెద్దలకు వీడియో గేముల సంగతి తెలియదు, పాపం. తెలిస్తే నాలుక కరుచుకునేవారు.

'నీడదండు' గేము గురించి మీరు వినే ఉంటారు. ముసుగేసుకున్న కత్తివీరుడొకడు ఒక్కో భాగంలో ఒక్కో కాలానికి పోయి, అక్కడి గోడలన్నీ ఎక్కి, అక్కడి దుర్మార్గుల్ని పొడిచి వస్తాడు. రోమ్ అయింది, బాగ్దాద్ అయింది, అలా ఎనిమిది భాగాలయ్యాయి. తొమ్మిదోది మా ఊళ్ళోనే! 1690లో ఇంగ్లీషు ఓడలు నదిలో నిలబడి మా కోట మీదికి ఫిరంగులు గురిపెట్టిన నాటి కథ. తయారుచేస్తున్నదీ మావాళ్ళే, దిగువపేటలో ఉన్న స్టూడియోలో. పెత్తనం మాత్రం పారిస్ కంపెనీది.

ఈ తొమ్మిదో భాగం ఇప్పటికి నాలుగుసార్లు వాయిదా పడింది. జనం దుమ్మెత్తిపోస్తున్నారు. కృతఘ్నులు!

మా పై వాటాలో నోర్మాన్ అని, వీధుల్లో మంచు ఎత్తే బండి డ్రైవరు ఉంటాడు. విడుదల తేదీ చూసుకుని రెండేసి వారాలు సెలవు పెడతాడు. మొదటి వాయిదా పడినప్పుడు ఏమీ తోచక, ఆరేళ్ళుగా ఊగిసలాడుతున్న మెట్ల కమ్మీ బిగించాడు. రెండో వాయిదాకు వంటింటికి రంగేశాడు. మూడో వాయిదా ఫలితం ఇప్పుడు మా నెత్తిమీద తప్పటడుగులు వేస్తోంది. నాలుగో వాయిదా ప్రకటించిన రోజు వాళ్ళావిడ మెట్ల మీద నన్ను ఆపి, "ఈసారైనా ఆ గేమేదో విడుదల చెయ్యమని మీ కాలమ్‌లో రాయండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది" అంది. నేను రాయలేదు. దేశ జనాభా పెరగాలా వద్దా?

ఇంకో విశేషం చూడండి. తొమ్మిదోదానికే దిక్కులేదు, కంపెనీవారు పది నుంచి పదమూడు దాకా నాలుగు భాగాలు ఒక్కసారే ప్రకటించేశారు. బొమ్మ లేదు, పేరు లేదు, హీరో ఎవరో తెలియదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అయితేనేం? మా వీధి చివర, బంగాళాదుంప వేపుడు మీద గ్రేవీ పోసిచ్చే పూటీన్ కొట్టులో, ఆ గ్రేవీ గడ్డకట్టేదాకా చర్చలే చర్చలు.

"పన్నెండో భాగం శుద్ధ దండగ!" అన్నాడు మొన్న ప్లంబరు గాయెతాన్.

"నువ్వు చూసొచ్చావా?" అన్నాడు కొట్టు ఓనరు.

"చూడాలా? పదకొండే అలా ఏడిస్తే పన్నెండెలా ఉంటుంది?"

ఈ ఇద్దరూ గత ఎన్నికల తర్వాత రెండేళ్ళు మాట్లాడుకోలేదు. ఇప్పుడు రోజూ కూచుని పోట్లాడుకుంటున్నారు. సమాజాన్ని ఇంతలా కలిపిన పని ఇంకొకటుంటే చెప్పండి!

అసలు సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. మా అత్తగారు ఫ్లోరెట్, ఎనభై మూడేళ్ళు. పాతకాలపు యాస కావాలంటూ నాలుగేళ్ళ కిందట స్టూడియోవాళ్ళు చర్చి హాలుకొచ్చి ముసలివాళ్ళ గొంతులు విన్నారు. మా అత్తగారి గొంతు నచ్చింది. గేములో ఆవిడ పూటకూళ్ళమ్మ! శత్రువులు తరుముతుంటే కత్తివీరుడు మంచులో పడి పరుగెత్తుకొచ్చి ఆవిడ సత్రంలో దూరుతాడు. "లోపలికి రండి దొరా, మీకిక్కడ భయం లేదు" అని ఆవిడ చదవాలి. కాగితం చేతికిచ్చారు.

తెర మీద వీరుడు తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు. బూట్లనిండా మంచు! మా ఊళ్ళో పుట్టిన ఏ ఆడమనిషైనా ఏం చేస్తుందో ఆవిడా అదే చేసింది. కాగితం పక్కన పారేసి గొంతెత్తింది.

"ఒరే ఒరే! బూట్లిప్పరా సచ్చినోడా! ఇప్పుడే గదంట్రా నేల తుడిసి సచ్చాను! మీ యమ్మ నీకిదేనేంట్రా నేర్పింది?"

రికార్డింగు గదిలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారట. దర్శకురాలు మారిలూ మా దగ్గర చదువుకున్న పిల్లే. "ఇదే ఉంచుతాం బామ్మా, ఒక్క ముక్క మార్చం" అని మాటిచ్చింది. వీరుడు కిక్కురుమనకుండా వంగి బూట్లు విప్పేలా బొమ్మ కూడా మార్చారు.

ఆనాటి నుంచీ ఆవిడకు ఒకటే ధ్యాస. గేములో తన గొంతు తను వినాలి. కళ్ళ ఆపరేషనంటే పదేళ్ళు మొండికేసిన మనిషి, మొదటి వాయిదాకే రెండు కళ్ళకూ చేయించుకుంది. రెండో వాయిదాకు మోకాళ్ళకు వ్యాయామం మొదలెట్టింది. తర్వాత పాత భాగాలు ఆడటం నేర్చుకుని, రోమ్ గోడల మీంచి జారిపడి నాలుగొందలసార్లు చచ్చింది.

"ఎందుకత్తయ్యా ఈ వయసులో ఇంత అవస్థ?" అన్నాను.

"నా గొంతు నే ఇనకుండా పోనయ్యా అల్లుడూ. సావొచ్చి తలుపు కొట్టినా, కాసేపు గుమ్మంలో కూకోమంటాను."

డాక్టరు ఆవిడ రక్తపరీక్ష కాగితాలు రెండుసార్లు చూసుకుని, ఏం మందు వాడుతున్నారని అడిగాడు. వాయిదా అన్నాను. రాసుకున్నాడు.

ప్రతి వాయిదాకూ కంపెనీవారు చెప్పిన కారణం ఒకటే: చారిత్రక ప్రామాణికత. సిపాయి కోటుకు గుండీలు తక్కువయ్యాయని ఒకసారి ఆపారు. పెరట్లో తిరిగే కోళ్ళు ఆ కాలపు జాతివి కావని ఇంకోసారి ఆపారు. చరిత్ర మాస్టారుగా నాకు కళ్ళు చెమర్చాయి.

గత ఆదివారం కొత్త ట్రైలరొచ్చింది. ఇక వాయిదా లేదట, వచ్చే నెల పదినే విడుదలట! మా ముందుగదిలో పద్నాలుగుమంది చేరారు. అత్తగారు పార్లరుకెళ్ళి జుట్టు రింగులు తిప్పించుకొచ్చి ముందు కుర్చీలో కూచుంది.

సత్రం వచ్చింది. వీరుడొచ్చాడు. పూటకూళ్ళమ్మ నోరు తెరిచింది.

"లోనికి విచ్చేయండి ప్రభూ! ఇచ్చట మీకెట్టి భయమూ లేదు."

పారిస్ నటి గొంతు! వెన్న పూసినట్టుంది. వాడు ఆ మంచు బూట్లతోనే వంటింటిదాకా నడిచిపోయాడు.

అత్తగారు మా ఆవిడ వైపు తిరిగి, "ఆవిడెవరే? నా గొంతేదే?" అంది.

మారిలూకు ఫోన్ చేశాను. పాపం, ఏడ్చినంత పని చేసింది. "బామ్మ అన్నట్టు ఒకటి, కాగితంలో ఉన్నట్టు ఒకటి, రెండూ పంపాం మాస్టారూ. బామ్మ యాస ఎవరికీ అర్థం కాదు, వినడానికి మోటుగా ఉంది అన్నారు పారిస్‌వాళ్ళు" అంది.

మోటా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాలంలో పారిస్‌లో సాక్షాత్తూ ఫ్రాన్స్ రాజుగారే బోలెడు మాటలు మా అత్తగారిలాగే నోరారా పలికేవారు. తర్వాత యాస మార్చుకున్నది వాళ్ళు! కోడి జాతి కూడా సరిచూసిన మహానుభావులకు మనిషి యాస మోటైపోయిందా?

అయ్యా కంపెనీవారూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని వెనకేసుకొచ్చిన ఏకైక కాలమిస్టును నేనే. ఆ చనువుతో అడుగుతున్నాను. గుండీల కోసం ఆపారు, కోళ్ళ కోసం ఆపారు. ఇంకొక్కసారి, ఒక ముసలావిడ కోసం ఆపండి. ఆవిడ గొంతు భేషుగ్గా ఉంది. ట్రైలర్ చూసినప్పట్నుంచీ మరీను, మూడిళ్ళ అవతలికి వినబడుతోంది. ఎప్పుడు రమ్మంటే అప్పుడు స్టూడియోకి నేనే తీసుకొస్తాను. ఒక్క శనివారం మాత్రం వద్దు, ఆవిడకు బింగో ఆట ఉంది.