పానకాలరావు గారి గ్రహశకలం

పొద్దున్నే తలకి రంగేయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదింటికల్లా విలేకరుల ముందు కూర్చోవాలని పానకాలరావు అనుకున్నాడు. చిలకలూరిపేట హైవే పక్కన మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు షెడ్డు కొని, దాన్ని జూనియర్ కాలేజీ చేసిన కరస్పాండెంటు ఆయన. ఆకాశం వైపు ఎప్పుడైనా చూశాడంటే అది వాన కోసమే, షెడ్డు కారుతుంది గనక.

అలాంటివాడి కాలేజీ గ్రహశకలాన్ని కనిపెట్టింది. నిజానికి కనిపెట్టింది ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మెహర్. విదేశంలోని ఒక అబ్జర్వేటరీ వాళ్ళు టెలిస్కోపుతో తీసిన ఫోటోలు విద్యార్థులకి పంపి, వాటిల్లో కదిలే చుక్కలు వెతకమంటారు. వరసగా తీసిన నాలుగు ఫోటోల్లో చోటు మారుతూ వచ్చిన ఒక మసక చుక్కని మెహర్ పట్టుకుంది. ఫిజిక్స్ లెక్చరర్ భానుశ్రీ సరిచూసి పంపింది. జవాబింకా రాలేదు.

గేటుకి కట్టిన ఫ్లెక్సీలో మాత్రం పానకాలరావు బొమ్మ పన్నెండడుగులు, రాయి బొమ్మ అడుగున్నర. మెహర్ పేరు ఎక్కడో అడుగున, ఫ్లెక్సీ వేసినవాడి ఫోన్ నంబరుకి కూడా కింద ఉంది.

"సార్, ఇంకా ఖాయం కాలేదండి. వాళ్ళు చూసి చెప్పాలి. పేరు పెట్టాలంటే ఏళ్ళు పడుద్ది," అంది భానుశ్రీ.

"అడ్మిషన్లు ఏళ్ళు ఆగుతాయా అమ్మా? నువ్వు పాఠం చెప్పుకో. ప్రెస్సు సంగతి నేను చూసుకుంటా."

చూసుకున్నాడు. "ఆ రాయి ఇప్పుడెక్కడుందండీ?" అని ఒక విలేకరి అడిగాడు. తెలియదు అనే మాట పానకాలరావు నోట ఏనాడూ రాలేదు. "మన కాలేజీ కనిపెట్టిన రాయండీ. మన వైపు రాక ఎటు పోద్ది?" అని నవ్వాడు.

పదకొండింటికి ఆ నవ్వు రాలిపోయి మాటలు మాత్రం ఫోన్లలో తిరిగాయి. పదకొండున్నరకి రాయి కొండంత అయింది. పన్నెండింటికి, సాయంత్రం నాలుగు గంటలకి పేట మీద పడుతుందని టైము కూడా ఖరారైంది. కల్లాల్లో మిర్చి ఆరబోసుకున్న రైతులు పట్టాలు కప్పేశారు. హాస్టలు పిల్లల తల్లిదండ్రులు ఆటోలు కట్టించుకుని దిగారు. హైవే మీద లారీలు నిలిచిపోయాయి.

రెండెకరాల కాయ కల్లంలో వదిలేసి వచ్చిన చెంచమ్మ గేటు పట్టుకుని ఊపింది. "ఏమయ్యా పానకాలూ! రాయి నీదంటగా! నా కాయ మీద పడితే నువ్వొచ్చి ఏరతావా?"

"నాది కాదమ్మా!"

"మరి ఈ ఫ్లెక్సీలో పళ్ళికిలించింది ఎవరు?"

ఈలోగా ఎస్సై జీపు దిగాడు. "పుకారు పుట్టించింది ఎవరండీ?"

పానకాలరావు చొక్కా వీపుకి అంటుకుపోయింది. "ఆ మెహర్ అండి. ఆ లెక్చరరండి. వాళ్ళ సొంత సరదా. నాకూ కాలేజీకీ సంబంధం లేదండి."

"రాసిస్తారా?"

లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి, రెండు చోట్ల స్టాంపు గుద్ది ఇచ్చాడు. అంతటితో ఆగలేదు. "ఆ అబ్జర్వేటరీకి కూడా మెయిల్ కొట్టు! కాలేజీ పేరు తీసెయ్యమను, ఇప్పుడే!" అని భానుశ్రీ మీద అరిచాడు. ఆమె అక్కడికక్కడే పంపేసింది. ఆయన మాట అంత తొందరగా ఎన్నడూ వినలేదు.

"సార్, అది మన వైపు రాదు సార్," అంది మెహర్. "అంగారకుడికీ గురుడికీ మధ్యన తిరుగుద్ది."

"నోర్ముయ్! నీ హాల్ టికెట్ ఎట్టా వస్తదో చూస్తా!"

ఎస్సై ఆయన్ని పక్కకి జరిపి జీపులో మైకు తీసి మెహర్ చేతికిచ్చాడు. కోట్ల కిలోమీటర్ల దూరంలో, తన దారిన తాను పోయే రాయి అది అని ఆ పిల్ల రెండు నిమిషాల్లో చెప్పేసింది. "ఈ ముక్క పొద్దున్నే చెప్పి చావొచ్చుగా!" అని పానకాలరావుని కడిగేసి చెంచమ్మ పట్టాలు తీయడానికి పోయింది. నాలుగింటికి పేట మీద ఏమీ పడలేదు.

మూడో రోజు జవాబొచ్చింది. ఆ చుక్క ఇంతకు ముందు ఎవరి లెక్కలోనూ లేనిది, ప్రాథమికంగా నమోదు చేసుకున్నామన్నారు. సర్టిఫికెట్ మీద రెండే పేర్లు, మెహర్, భానుశ్రీ. కాలేజీ పేరు ఉండాల్సిన చోట ఒట్టి గీత. నరసరావుపేట కలెక్టరేటులో సన్మానమని కబురు కూడా వచ్చింది.

పానకాలరావు హాల్ టికెట్ స్వయంగా మెహర్ ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చాడు. సన్మానం రోజు కొత్త చొక్కాలో, తన శాలువా తానే తెచ్చుకుని, అందరికంటే ముందు హాజరయ్యాడు. గుమ్మం దగ్గర గుమాస్తా ఫైలు తిరగేసి, ఎస్సై పంపిన రెండు స్టాంపుల కాగితం బయటికి తీశాడు.

"ఈ సంతకం తమదేనాండీ?"

"నాదే, కాకపోతే..."

"సంబంధం లేనివాళ్ళకి వరండాలో వేశామండి."

పానకాలరావు వెళ్ళి కూర్చున్నాడు. కుర్చీలు బాగానే ఉన్నాయి.