అన్న తరఫున రక్తం

"నా ఒంట్లో ప్రోస్టేట్ సమస్యను శాశ్వతంగా రద్దు చేశాం. ఇక కేన్సర్‌కి అక్కడ చోటు లేదు" అని మా నాయకుడు నరసింగరావు గారు నరసన్నపేట పార్టీ ఆఫీసులో ప్రకటించారు. విలేకరులు రాసుకున్నారు. మైకుసెట్టు నాదే కాబట్టి నేను ముందువరసలో నిలబడి చప్పట్లు కొట్టాను.

గ్రంథి వాచి ఒంటేలుకి ఇబ్బందైతే ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు. చేసిన డాక్టర్ మోహనకృష్ణ గారికి సభామర్యాద తెలియదు. పిలవకుండానే మైకు అందుకున్నారు.

"మొత్తం తియ్యలేదు సార్. కొబ్బరి గీకాం, చిప్ప అక్కడే ఉంది. కేన్సర్ వస్తే ఎక్కువగా ఆ చిప్పలోనే వస్తుంది, ముదిరితే నడుం ఎముకలకి పాకుతుంది. ఆ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే పీఎస్‌ఏ ఎంతుందో ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి."

విలేకరులు అదీ రాసుకున్నారు. జబ్బు మనిషికి అధిష్ఠానం టికెట్ ఇవ్వదు. అప్పుడు కళింగపట్నం గంగులు లేచాడు. అరవై దాటినా అన్న పుట్టినరోజు రక్తదాన శిబిరంలో మొదటి మంచం ఎప్పుడూ అతనిదే.

"ఏటి డాక్టరుగారూ, మేం బతికుండగా అన్న రక్తం తీసేస్తారేటి? నాది తియ్యండి!"

డాక్టర్ ఒప్పుకోలేదు. ల్యాబ్ ఒప్పుకుంది. సీసా మీద అన్న పేరు, సీసాలో గంగులు రక్తం. ఇలాంటి త్యాగం నేను చూడలేదు.

నాలుగు లోపు ఉండాల్సింది పద్దెనిమిది వచ్చింది.

"ఒరే గంగులూ, ఏటిరా ఇది? నా పేరున ఇలాటి రక్తం ఇస్తావేట్రా?"

"నాకేటి తెలుసన్నా, లోపలున్నదే వచ్చినాది."

మీ రక్తం పార్టీ వైఖరికి భిన్నంగా ఎందుకుందో సంజాయిషీ ఇవ్వమని నోటీసు వెళ్లింది. తర్వాత సస్పెన్షన్. గంగులు పనిలేక విశాఖ వెళ్లి చూపించుకున్నాడు. కేన్సర్ తొలిదశలోనే దొరికిందట. వైద్యం చేయించుకుని మళ్లీ సముద్రంలో చేపల వేటకి పోతున్నాడు. పార్టీ లేని మనిషి పాపం ఇంకేం చేస్తాడు!

రెండోసారి పరీక్షకి మహిళా విభాగం అధ్యక్షురాలు నీలవేణి గారు ముందుకొచ్చారు. "ఎప్పుడూ మగోళ్లకేనా అవకాశం?" అన్నారు. న్యాయమే కదా.

రిజల్టు దాదాపు సున్నా. "సున్నా సాధించిన జననేత" అని ఆమదాలవలస స్టేషన్ దాకా ఫ్లెక్సీలు కట్టాం. కాగితం చూసి డాక్టర్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"మామూలు మగాళ్లకి ఇంత తక్కువ రాదే?"

"మా అన్న మామూలు మగోడేటండీ!" అన్నారు నీలవేణి గారు.

టికెట్ వచ్చింది. ఊరేగింపులో క్రేనుతో గజమాల వేశాం. అప్పట్నుంచి అన్నకి నడుంనొప్పి. పూల బరువు అంటారాయన. నెలలు గడిచినా నొప్పి తగ్గలేదు, అన్నే సగమయ్యారు. ప్రజల కోసం కరిగిపోతున్నారని నేను మైకులో చెప్పాను. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది.

నిన్న డాక్టర్ గారిని ఇంటికి పిలిపించారు. ఆయన నడుం నొక్కి చూశారు. అన్న కెవ్వుమన్నారు. డాక్టర్ మొహం మారిపోయింది.

"సార్, దండం పెడతాను. ఈ ఒక్కసారి మీ చెయ్యి ఇవ్వండి."

గదిలో ఉన్న కార్యకర్తలందరూ చొక్కా చేతులు మడిచి ముందుకొచ్చారు. ఒకరినొకరు తోసుకున్నారు కూడా. మంచం మీద అన్న ఆ చేతులన్నిటినీ తృప్తిగా చూసుకున్నారు.

"సూసేరా డాక్టరుగారూ, నాకేటి తక్కువ?"