వృక్షారోహణ మహోత్సవం

మా మద్దెలవంకపల్లెలో కరువు ప్రాంత వృక్షారోహణ శిక్షణా సంస్థ ఆవిర్భవించిందని తెలియజేయడానికి గర్విస్తున్నాం. కంబదూరుకు పడమరగా ఉన్న మా ఊరిని మీరు చూసి ఉండకపోవచ్చు. చూసినా ఊరని గుర్తుపట్టి ఉండకపోవచ్చు. కొన్నేళ్లుగా వానలు వరుసగా మొహం చాటేయడంతో ఊళ్లో ఎక్కదగిన చెట్టు ఒక్కటీ మిగల్లేదు. సంస్థ స్థాపనకు ఇది ఆటంకం కాలేదు. చెట్లున్న చోట జనం వాళ్లంతట వాళ్లే ఎక్కుతారనీ, లేనిచోటే శిక్షణ అవసరమనీ సంస్థ అధ్యక్షులు విష్ణువర్ధన్ గారు సెలవిచ్చారు. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు.

ఇంతటి మహత్కార్యానికి మూలపురుషుడు తిప్పయ్య. ఊరి పక్క వంకలో నీళ్లు పారే రోజుల్లో దాని గట్ల మీద ఈత చెట్లు బారులు తీరి ఉండేవి. తిప్పయ్య నడుముకు మోకు తాడు బిగించి, కల్లుకుండ వేలాడదీసుకుని పొద్దున్నే వాటన్నిటినీ పలకరించి వచ్చేవాడు. తర్వాత నీళ్లు బోర్ల పాలయ్యాయి, ఇసుక లారీల పాలయింది, ఎండిన చెట్లు ఇటుక బట్టీల పాలయ్యాయి. ఇక మిగిలింది తిప్పయ్య. అతన్ని కూడా పంపించేసే బాధ్యతను కళ్యాణదుర్గంలో కిరాణా అంగడితో పాటు విదేశీ ఉద్యోగాల అంగడి కూడా నడిపే సుదర్శన్ శెట్టి స్వీకరించాడు.

"ఆడ అన్నీ ఖర్జూరం చెట్లే తిప్పయ్యా. మన ఈత చెట్టుకు పెద్దన్న మాదిరుంటాది. నీకు కొత్తేముండాది?" అన్నాడు శెట్టి.

కొత్తేమిటో గల్ఫులో దిగాక తెలిసింది. తిప్పయ్య తీసుకెళ్లిన మోకును తోట యజమానులు అనాగరికమని పక్కన పడేయించి, పచ్చటి హెల్మెట్టు, బరువైన బూట్లు, కొక్కేలు తగిలించిన బెల్టు ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక బూట్లతో చెట్టెక్కని తిప్పయ్య మొదటి వారంలోనే జారాడు. బెల్టు పట్టుకుంది. మధ్యాహ్నమంతా ఎండలో ఖర్జూరపు గెలల పక్కనే మరో గెలలా వేలాడాడు. బెల్టు పట్టుకున్న మనిషి పడినట్టు కాదనీ, పడని మనిషిని దించడానికి ప్రత్యేకంగా ఎవరూ రానక్కర్లేదనీ కింద సూపర్వైజరు నిబంధనలు వివరిస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఫోనులో తిప్పయ్య భార్య ఓబులమ్మతో, "ఈడ నేను శానా ఎత్తులో ఉండా" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

గడువు తీరి తిరిగొచ్చేటప్పుడు ఆ హెల్మెట్టునూ బూట్లనూ బెల్టునూ వెంట తెచ్చుకున్నాడు. వాటిని పెట్టుకునే ఊళ్లో తిరిగేవాడు. షేకు గారి ఇంటి ముందున్న చెట్లకు తను తప్ప వేరెవరూ చెయ్యి వేయడానికి వీల్లేదని హుకుం ఉండేదని టీ అంగడిలో చెప్పేవాడు.

"టీ తాగేకి టోపీ ఎందుకు? అంగడి కూలి నెత్తిన పడతాదా?" అని ఓబులమ్మ అడిగేది.

ఆమెతో మాత్రం ఇంకో మాట కూడా చెప్పాడు. "ఇంగ నేను పోనే. ఆడ యాలాడినప్పుడు ఈడ నువ్వు కనపడినావు. ఈడనే ఏదో ఒకటి చేసుకుంటా."

ఈడ చేసుకోవడానికి ఏముందో ఆమెకు తెలియదు. విష్ణువర్ధన్ గారికి తెలిసింది. ఆయనకు భూములున్నాయి, జీపు ఉంది, ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. లేనిదల్లా ఓ సంస్థ. తిప్పయ్య టీ అంగడి ప్రసంగం విన్నవెంటనే సంస్థ పుట్టింది. ముఖ్య శిక్షకుడి ఉద్యోగం తిప్పయ్యకేనని అధ్యక్షులు మాటిచ్చారు.

ప్రారంభోత్సవానికి చెట్టు కావలసి వచ్చింది. గుమ్మఘట్ట దిక్కున ఓ ఎండిన బావి గట్టు మీద ఏనాడో చచ్చిన ఈత మోడు దొరికింది. ట్రాక్టరు మీద ఊరేగింపుగా తెచ్చి బడి మైదానంలో సిమెంటు పోసి నిలబెట్టారు. కొనకు ఎక్కడి నుంచో తెప్పించిన పచ్చటి మట్టలు కట్టారు. చాలా రోజుల తర్వాత పచ్చదనం చూసిన మేకలు మోడు చుట్టూ చేరి మెడలు సాచాయి.

ఓబులమ్మ మోడును పిడికిలితో తట్టి చూసింది. "లోపలంతా పుచ్చిపోయిండాదయ్యా. మనిషి బరువు ఆగదు."

"గమ్మునుండు. ఉద్యోగం పోతాది" అన్నాడు తిప్పయ్య.

జిల్లా నుంచి అధికారి వచ్చాడు. పత్రికవాళ్లు వచ్చారు. విష్ణువర్ధన్ గారు మైకు అందుకున్నారు. "చెట్టుండాదని ఎక్కేది గొప్ప కాదు. చెట్టు లేకపోయినా ఎక్కేవాడే సీమబిడ్డ! ఈ పొద్దు మీకోసం నేనే మొదట ఎక్కుతా!" చప్పట్లు మారుమోగాయి. తిప్పయ్య తన హెల్మెట్టు ఆయన తలకు పెట్టాడు, తన బెల్టు ఆయన నడుముకు బిగించాడు.

మనిషెత్తు ఎక్కి ఫోటో దిగి దిగిపోవాలన్నది కార్యక్రమం. అయితే ఫోటోగ్రాఫరు కళాపిపాసి. "ఇంకొంచెం పైకన్నా, ఆకులు రావాల" అన్నాడు. అధ్యక్షులు ఎక్కారు. "ఇంకొంచెం." ఎక్కారు. ఆకులు వచ్చాయి, ఫోటో వచ్చింది. ఆయన నవ్వుతూ కిందికి చూశారు. నవ్వు ఆగిపోయింది. రెండు చేతులా మోడును కావలించుకుని కళ్లు మూసుకున్నారు.

"తిప్పయ్యా! భూమి తిరుగుతాండాది! దింపుర్రా!"

తిప్పయ్య కదలబోయాడు. ఇంతలో సోమప్ప అనే ముసలి రైతు, పాపం ధైర్యం చెబుదామనే, "భయపడొద్దన్నా. అది సరేగానీ, మా కయ్యలో బోరు సంగతేమాయె?" అని కేకేశాడు.

"ఏయిస్తా! రేపే ఏయిస్తా! దింపండప్పా!"

అన్నేళ్లుగా ఆయన గడపలో నిలబడి సంపాదించలేనిది మైదానంలో నిలబడి అడిగితే వస్తోందని అందరికీ ఒకేసారి అర్థమైంది. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు నీళ్ల ట్యాంకరు అడిగారు. ఇచ్చారు. బడి పైకప్పు అడిగారు. ఇచ్చారు. కంబదూరు బస్సు మా ఊరిదాకా రావాలన్నారు. రెండు బస్సులు ఇచ్చారు. ఇంత వేగవంతమైన పరిపాలనను మా ప్రాంతం మునుపెన్నడూ ఎరగదు. అధికారి కూడా తన బదిలీ సంగతి మెల్లగా ప్రస్తావించాడు. ఇంట్లోని పాత మోకు తెచ్చుకుని ముందుకొచ్చిన తిప్పయ్యను జనమే చొక్కా పట్టి ఆపారు. "ఏమప్పా అంత తొందర? ఇంకా రోడ్డు అడగల్లేదు!"

అప్పుడు ఓబులమ్మ ముందుకొచ్చింది. "అన్నా, వంక గట్టున ఈత చెట్లు నాటియ్యి. నా మొగుడు ఊర్లోనే బతుకుతాడు."

"నాటిస్తా తల్లీ! అడివే నాటిస్తా!"

ఆ మాటకే అన్నట్టు మోడు నడిమధ్యన చిట్లింది. జనం వెనక్కి పారిపోయారు. ముందుకు పోయింది తిప్పయ్య ఒక్కడే. బూట్లు విదిలించి, ఉత్త మోకుతో పైకి పాకాడు. అధ్యక్షుల్ని మోడుకు కట్టేసి ఉంచిన బెల్టు కొక్కెం ఊడదీశాడు, తాడు చంకల కింద కట్టి కిందికి జార్చాడు. ఆయన కాళ్లు నేలకు తగిలాయి. తిప్పయ్యకు దిగే వ్యవధి చిక్కలేదు. మోడు విరిగింది. అతను పడ్డాడు. అతని నడుముకు బెల్టు లేదు గనక నిబంధనల ప్రకారం ఇది నిజంగా పడటమే.

జీపులో అధ్యక్షుల్ని అనంతపురం తీసుకుపోయారు, కళ్లు తిరుగుతున్నాయి గనక. మోడును తెచ్చిన ట్రాక్టరులో తిప్పయ్యను తీసుకుపోయారు, కాలు రెండుచోట్ల విరిగింది గనక.

ఆయన కోలుకున్నాక ఊరంతా వాగ్దానాల కోసం గడపకు వెళ్లింది. "అంత ఎత్తులో రక్తం తలకెక్కి ఏదో అనుంటా. ఆ మాటలు పట్టుకుంటే ఎట్లప్పా?" అన్నారు విష్ణువర్ధన్ గారు. న్యాయంగానే తోచింది. మజ్జిగ తాగి వచ్చేశాం. ఎన్నికల్లో ఆయన్నే గెలిపించాం. ఈత మొక్క ఒక్కటీ రాలేదు.

తిప్పయ్య ఉద్యోగం మాత్రం దక్కింది. ఇక చెట్టెక్కలేడు గనక నమ్మకంగా ఊళ్లోనే ఉంటాడని సంస్థ అతన్ని నియమించింది. విరిగిన మోడునే మైదానంలో అడ్డంగా పడుకోబెట్టారు. కుర్రాళ్లు హెల్మెట్లు, బెల్టులు తగిలించుకుని దాని మీద మొదలు నుంచి కొనదాకా పాకేవారు. కొన చేరినవాడు చెట్టెక్కినట్టు. చంకలో కర్రతో తిప్పయ్య పక్కనే నడుస్తూ "కిందికి చూడొద్దు!" అని హెచ్చరించేవాడు. శిక్షణ కాలంలో ఒక్క ప్రమాదమూ జరగలేదని సంస్థకు ప్రశంసాపత్రం వచ్చింది.

శిక్షణ ముగించుకుని మొదటి జట్టు ఖర్జూరం చెట్లెక్కడానికి గల్ఫుకు బయల్దేరిన రోజు, అద్దెకు తెచ్చిన బస్సు ముందు కొబ్బరికాయ కొట్టారు. సుదర్శన్ శెట్టి దండలు వేశాడు. ఆ జట్టులో ఓబులమ్మ తమ్ముడు లింగన్న కూడా ఉన్నాడు. ఆమె పోయి బస్సుకు అడ్డంగా నిలబడింది.

"వీళ్లు నిలువుగా ఉండే చెట్టు ఎక్కింది లేదు. మీ అందరికీ తెలుసు. ఒక్కరన్నా చెప్పండప్పా!"

తిప్పయ్య కర్ర మీద వాలి తల దించుకున్నాడు. ఆమె అన్నది నిజమే. అయితే రెండో జట్టులో మా పిల్లల పేర్లున్నాయి. ఓబులమ్మను మేమే చెయ్యి పట్టి పక్కకు తీసుకొచ్చాం. బస్సు కదిలింది. చప్పట్లు ఆమె గొంతు వినిపించనంత గట్టిగా కొట్టాం.