జాయిన్ అయినవారికి జోహార్లు

‘జాయిన్’ అనే ఇంగ్లీషు క్రియ లేకపోతే మానవ సంబంధాలు ఈపాటికి మట్టికొట్టుకుపోయేవి. ఒట్టు!

పూర్వం కష్టమొస్తే బంధువులు వచ్చేవారు. ఎంత అనాగరికం! వస్తే చెప్పులు విడవాలి, కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి. అంతటితో వదుల్తారా? మంచానికి ఆ పక్క పట్టుకోమంటారు. ఇప్పుడా పీడ లేదు. ఫోన్‌లో జాయిన్ అయితే చాలు. మా వీధి టైలరు తన మామగారి అంత్యక్రియలకు గడ్డం గీసుకుంటూ జాయిన్ అయ్యాడు. కన్నీళ్ళూ సబ్బు నురగా ఒకే తువ్వాలుతో తుడుచుకున్నాడు. టైము ఎంత కలిసొచ్చింది!

నేను ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. అందుకని ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు హాస్టల్లో ఉండి చదువుకునే మా అమ్మాయిని అడిగాను.

“లాటిన్ నుంచి వచ్చింది నాన్నా. రెండెద్దుల్ని ఒకే కాడికి కట్టడమని మొదటి అర్థం.”

“రెండూ నడవాలా?”

“మరి? ఒకటే నడిస్తే బండి పక్కకి పోదూ!”

పాపం, లాటిన్ వాళ్ళకు నెట్ లేదు.

మొన్న మా అన్నయ్యకు తుంటి ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. వదిన పోయాక ఆయన మా దగ్గరే ఉంటున్నాడు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాలి. పడేశారో, మళ్ళీ ఆపరేషనే అన్నాడు డాక్టరు. ఒక్క మనిషి సాయం కావాలని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను.

ఎంత స్పందనండీ! పిలిచినవాళ్ళూ పిలవనివాళ్ళూ అందరూ వీడియో కాల్‌లో జాయిన్ అయ్యారు.

కుర్చీ వీపు నేను పట్టుకున్నాను. కాళ్ళ వైపు మా ఆవిడ. ఫోను అన్నయ్య చేతిలో.

“బావా, అక్క చెయ్యి జారుతోంది చూడు!” అని కేకేశాడు బావమరిది. అంత దూరం నుంచి కనిపెట్టాడు! “మెల్లిగా నాయనా, మెల్లిగా” అంది పిన్ని, టీవీ సౌండు తగ్గించకుండానే. మేనల్లుడు బొటనవేలి బొమ్మ పంపాడు. మంచి బలమైన బొటనవేలు.

రెండో అంతస్తులో మా ఆవిడ పట్టు జారింది. కుర్చీ ఒరిగింది. అన్నయ్య గబుక్కున రెయిలింగు పట్టుకున్నాడు. ఎలాగో కుర్చీ నేలమీద దించాం, సరిగ్గా మా తమ్ముడి గుమ్మం ముందు. అవును, వాడుండేది అక్కడే.

“ధైర్యంగా ఉండన్నయ్యా! మేమంతా నీతోనే ఉన్నాం” అన్నాడు తమ్ముడు ఫోన్‌లో. అదే మాట తలుపు వెనకనుంచీ వినిపించింది.

అన్నయ్య ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఒరే చిన్నోడా, రెండుసార్లు వినబడుతోందిరా.”

పెద్దవాళ్ళంటే వాడికెంత గౌరవమో! తక్షణం మ్యూట్ చేసుకున్నాడు.

మా ఆవిడ అరచేతులు తుడుచుకుని వంగింది. మళ్ళీ కుర్చీ ఎత్తాం. తలుపు కింది సందులో వాడి పాదాల నీడ కనిపిస్తూనే ఉంది. గొళ్ళెం మాత్రం కదల్లేదు.

అంత దగ్గరగా జాయిన్ అయినవాడు మా వంశంలో ఇంకెవరున్నారండీ!