మిలాడా స్లైడులన్నీ వెలిగిన రోజు

ఆ రోజుకి మిలాడా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే ల్యాబుకి వెళ్ళాలి, స్లైడులు సిద్ధం చేసుకోవాలి, మధ్యాహ్నం వియన్నా నుంచి వచ్చే ప్రొఫెసర్ గెర్లిండా ఆషావర్‌ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పక్కకు తప్పుకోవాలి. ఆ మాట్లాడకుండా తప్పుకోవడాన్ని ఆమె బ్రనో నగరపు ట్రాములో దారి పొడుగునా మనసులో రిహార్సలు వేసుకుంది. రెండు రోజులుగా జలుబుతో ముక్కు దిబ్బడ వేసి ఉంది కాబట్టి, ఎలాగూ ఎక్కువ మాట్లాడే స్థితిలో లేదు.

డీఎన్ఏ అంటే రెండు పోగుల మెలిక అని బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ అక్కడక్కడ, ఒకే అక్షరం పదే పదే వచ్చే చోట, అందులో ఒక పోగు తనలో తాను మడతలు పడి నాలుగు పోగుల ముడిగా బిగుసుకుంటుంది. కేన్సర్ కణాల్లో అలాంటి ముడులు ఎక్కువ. ఆ ముడికి తప్ప మరి దేనికీ అంటుకోని యాంటీబాడీని తయారు చేయడానికి మిలాడాకు ఆరేళ్ళు పట్టింది. దాని మీద ఆకుపచ్చగా వెలిగే మరో యాంటీబాడీని కూర్చోబెడితే, మైక్రోస్కోపులో చీకటి మధ్య పచ్చటి చుక్కలు మెరుస్తాయి. ఒక్కో చుక్కా ఒక్కో ముడి. అవి మొదటిసారి కనబడిన రోజు మిలాడా ఆనందం పట్టలేక ట్రాములో పక్కన కూర్చున్న ముసలావిడకి ఫోనులో ఫొటో చూపించింది. "మనవడా?" అని అడిగింది ఆవిడ, స్కానింగు ఫొటో అనుకుని. మిలాడా అవునంది. అబద్ధమాడినట్టు ఆమెకు అనిపించలేదు.

అయితే ఆషావర్ ఒప్పుకోలేదు. ఈ యాంటీబాడీ ముడికే కాదు, గోడకి సున్నంలా దేనికైనా అంటుకుంటుందని ఆవిడ మూడేళ్ళ క్రితం ఒక పత్రికలో రాసింది. ఆవిడ మాటంటే యూరప్ అంతటా గురి. పైగా వందల మంది రోగుల కణితి ముక్కలు ఆవిడ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇవాళ ఆవిడ నమ్మితే ఆ ముక్కలన్నీ మిలాడా చేతికి వస్తాయి. నమ్మకపోతే ఆరేళ్ళ కష్టం ఫ్రీజరులో ఒక మూలన పడి ఉంటుంది.

ల్యాబులో అడుగుపెట్టేసరికి బల్ల మీద కొత్త గోధుమరంగు గాజు సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హైనెక్ స్వయంగా కొని, నిన్న సాయంత్రం సామానంతా వాటిలోకి నింపి, చక్కటి అక్షరాలతో పేర్లు అంటించాడు.

"ఆ పాత రేకు డబ్బాలు వియన్నా వాళ్ళు చూస్తే మన పరువేం కాను, మిలాడా గారూ?" అన్నాడాయన, చేతులు వెనక్కి కట్టుకుని మురిసిపోతూ. "వంటగదిలోవి కూడా మార్చేశాను. అన్నీ ఒకే రకం! సాయంత్రం అతిథులకి నేనే స్వయంగా వేట్ర్నిక్‌లు చేస్తున్నా. మా అమ్మ చేతి వంటకం. లోపల వెనీలా క్రీము, పైన పాకం. తిన్నాక ఆవిడ ఇంక ఏమీ కాదనలేదు చూడండి."

హైనెక్ మైక్రోస్కోపు వదిలి పదిహేనేళ్ళయింది. చదువుకునే కళ్ళజోడు పెట్టుకుంటే ముసలివాడిలా కనబడతానని దాన్ని జేబులోనే ఉంచుకుంటాడు. మంచి మనిషి. అందుకే ఆయన్ని ఆపడం ఎవరివల్లా కాదు.

మిలాడా పని మొదలుపెట్టింది. యాంటీబాడీ పోసే ముందు స్లైడుల్ని పాలపొడి కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. ఖాళీ జాగాలన్నీ పాల ప్రోటీను కప్పేస్తే, యాంటీబాడీ కనబడిన చోటల్లా చతికిలబడకుండా ముడిని వెతుక్కుంటూ పోతుంది. కొత్త సీసాలో పొడి కాస్త పసుపుగా తేలింది. కొత్త సరుకు కాబోలు అనుకుంది. ఒక స్లైడు మీద మాత్రం ముందుగా డీఎన్ఏని తినేసే ఎంజైము పోసింది. డీఎన్ఏ లేని చోట ముడి ఉండదు, ముడి లేని చోట చుక్క ఉండదు. దాన్ని వాళ్ళు చీకటి స్లైడు అనేవాళ్ళు. మిగతావి ఎంత వెలిగినా, అది నల్లగా ఉంటేనే మాట చెల్లుతుంది.

పదకొండు దాటాక రాడిమ్ మొదటి స్లైడు పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా మిలాడాతో కలిసి పనిచేస్తున్న మైక్రోస్కోపు నిపుణుడు. చూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూశాడు.

"ఏమైంది?"

"చుక్కలు ఎక్కడున్నాయో కనబడట్లేదు తల్లీ. అంతా పచ్చే. వరి మడిలా ఉంది."

"చీకటి స్లైడు పెట్టు."

పెట్టాడు. అదీ పచ్చగా ధగధగలాడింది. రాడిమ్ కుర్చీలోంచి లేచి, జుట్టు పీక్కుంటూ, "అన్నీ వెలుగుతున్నాయి! చీకటిదానితో సహా అన్నీ వెలుగుతున్నాయి!" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే వరండాలోంచి పిండి కలిపిన చేతులతో హైనెక్ వెళుతున్నాడు. ఆయన చెవిలో పడింది "అన్నీ వెలుగుతున్నాయి" అన్న ముక్క ఒక్కటే.

లోపల మిలాడా ముఖం పాలిపోయింది. యాంటీబాడీ పాడైందేమోనని ఫ్రీజరులోంచి కొత్తది తీసి మళ్ళీ మొదటి నుంచీ చేసింది. ఎంజైము చచ్చిందేమోనని కొత్త పొట్లం విప్పింది. రాడిమ్ తన వంతుగా మైక్రోస్కోపు అద్దాలు ఊడదీశాడు. తిరిగి బిగించేటప్పుడు ఒక మర తక్కువైంది. దాన్ని వెతకడానికి బల్ల కింద దూరి లేస్తుంటే తల తగిలి కిటికీ తెర ఊడి మీద పడింది. ఆ తెర ముసుగులోనే మైక్రోస్కోపులోకి చూసి, "బయటి వెలుగు వల్ల కాదులే. ఇప్పుడు కూడా అంతే పచ్చగా ఉంది," అన్నాడు.

ఈలోగా హైనెక్ ఊరుకోలేదు. రైల్లో ఉన్న ఆషావర్‌కి ఫోను చేశాడు. "మేడమ్, మీరు రాకముందే చెప్పేస్తున్నా. ఇక్కడ స్లైడులన్నీ వెలిగిపోతున్నాయి! ఒక్కటి కూడా మిగల్లేదు!"

"ఒక్కటి కూడానా?" అంది ఆషావర్. "చాలా సంతోషం. నేను కూడా అదే అనుకున్నా."

ఆవిడ అన్నది ఒకటి, ఆయన విన్నది ఒకటి. ఆ సంతోషంలో హైనెక్ చిన్న మైక్రోస్కోపు గదిలో జరగాల్సిన పనిని పెద్ద హాలుకి మార్చాడు. మూడంతస్తుల వాళ్ళనీ రమ్మన్నాడు. స్థానిక పత్రిక నుంచి ఒక విలేకరిని, కెమెరాతో సహా, పిలిపించాడు. గుమ్మానికి పూలు కూడా పెట్టించాడు.

మిలాడాకి సంగతి తెలిసేసరికి హాలు నిండిపోయింది.

"హాలా? ఏ హాలు? ఎందుకు?"

"మీ విజయం నలుగురూ చూడొద్దూ?" అన్నాడు హైనెక్, ముక్కు మీద పాకం మరకతో. "ప్రొఫెసర్ గారు వచ్చేశారు. నవ్వుతూ దిగారండీ రైలు! ఆవిడ నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు."

రెండోసారి చేసిన స్లైడులు కూడా అప్పుడే వచ్చాయి. అవీ పచ్చటి వరదే. హైనెక్ వెళ్ళాక రాడిమ్ గొంతు తగ్గించాడు.

"మిలాడా, పోయిన నెల ఫొటోలున్నాయిగా. ముత్యాల్లాంటి చుక్కలు. చీకటి స్లైడు కాటుకలా ఉంది. అవి వేసేద్దాం. అబద్ధం కూడా కాదు, నువ్వు చేసినవే."

"ఆవిడ ఇవాళ్టి స్లైడు చూడ్డానికొచ్చింది."

"ఇవాళ్టిది చూపిస్తే ఆరేళ్ళు పోతాయి!"

"పోనీ," అంది మిలాడా, ముక్కు చీదుకుంటూ. "నా యాంటీబాడీ గురించి చెడ్డ మాట చెప్పాల్సి వస్తే అది నా నోటే రానీ. వియన్నా నుంచి ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు."

వేదిక ఎక్కేటప్పుడు ఆమె తల దించలేదు. మాట్లాడకుండా తప్పుకోవాలన్న ప్రణాళిక ఎప్పుడో గాలికి పోయింది. రాడిమ్ తెర మీద చీకటి స్లైడు వేశాడు. హాలంతా ఆకుపచ్చ వెలుగు పరుచుకుంది. వెనక వరసల్లో హైనెక్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

"చప్పట్లు వద్దండీ," అంది మిలాడా. "ఇది నల్లగా ఉండాల్సిన స్లైడు. దీని మీద డీఎన్ఏ లేదు. అయినా వెలుగుతోంది. కొత్త యాంటీబాడీతో చేశా, కొత్త ఎంజైముతో చేశా, రెండుసార్లూ ఇంతే. కారణం నాకు తెలీదు. తెలిసేదాకా నేను చూపించే ఏ చుక్కనీ మీరెవరూ నమ్మకండి. ప్రొఫెసర్ ఆషావర్, ఇవాళ్టికి మీ మాటే నెగ్గింది."

చప్పట్లు కొడుతున్న హైనెక్ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. రాడిమ్ మాత్రం తెర వెనక నిలబడి, ఇంతటి మనిషితో ఇరవై ఏళ్ళు పనిచేశానా అని ఛాతీ విరుచుకున్నాడు. ఆషావర్ ముఖంలో నవ్వు లేదు. ఆవిడ మిలాడా వంకే తదేకంగా చూస్తోంది.

హైనెక్ గబగబా లేచి, "ముందు ఏదైనా తిందాం!" అని వేట్ర్నిక్‌ల పళ్ళేలు తెప్పించాడు.

ముందు వరస వాళ్ళు ఒక్కసారిగా కొరికారు. కొరికిన ప్రతివాళ్ళ చొక్కా చేతుల్లోకి, మోచేతుల మీదుగా, తెల్లటి ధారలు కారాయి. విలేకరి కెమెరా తడిసింది. లెక్కలు చూసే పెద్దాయన టై పట్టుకుని పిండుకున్నాడు.

"క్రీము గట్టిపడలేదండీ," అన్నాడు హైనెక్, ఏడుపు గొంతుతో. "పొద్దుట్నించీ గరిటె తిప్పుతూనే ఉన్నా. సీసాలో పొడి సగం వేసేశా. మా అమ్మ చేస్తే అయిదు నిమిషాల్లో చాకు దిగేది కాదు!"

ఆషావర్ వేలి మీద పడిన ధారని నాకి చూసింది. ఆవిడ వియన్నా మనిషి. సైన్సులో పొరపాటునైనా క్షమిస్తుందేమో గానీ తీపి వంటకాల దగ్గర క్షమించదు.

"డైరెక్టర్ గారూ, ఇందులో వెనీలా లేదు. గట్టిపడే పిండి అసలే లేదు. ఇది ఉత్త పాలపొడి."

మిలాడా చేతిలోని రుమాలు అలాగే ఆగిపోయింది. "పాలపొడి వంటగదిలో ఉంటే, మరి నా బల్ల మీద ఉన్నదేంటి?"

ఆమె, ఆషావర్ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత వరండాలో పరుగు. మిలాడా ముందు, ఆషావర్ వెనక, ఆ వెనక రాడిమ్, చివర కారుతున్న పళ్ళెంతో హైనెక్. మిలాడా సీసా మూత తీసి వాసన చూసింది. జలుబు. ఏమీ తెలియలేదు. సీసాని అలాగే ఆషావర్ ముక్కు దగ్గర పెట్టింది.

"వెనీలా," అంది ఆషావర్. "పసుపు రంగు కలిపిన క్రీము పిండి. మీరు మీ స్లైడులకి పొద్దుట్నించీ క్రీము పూస్తున్నారు, డాక్టర్ గారూ."

రాడిమ్ చిటికెడు పిండి గాజు మీద చల్లి మైక్రోస్కోపులో పెట్టాడు. యాంటీబాడీ లేదు, కణం లేదు, ఏమీ లేదు. అయినా గుండ్రటి గింజలు ఒక్కొక్కటీ ఆకుపచ్చగా ధగధగ మెరిశాయి. నీలి వెలుగు పడితే ఆ పిండిలోని పసుపు రంగు తానంతట తానే పచ్చగా మెరుస్తుంది. హాలులో తెర ఇంకా మైక్రోస్కోపుకి కలిపే ఉంది. అక్కడ కూర్చున్న వాళ్ళు అది చూసి ఆహా అన్నారు. విలేకరి తడి కెమెరా తుడుచుకుని ఫొటో తీసుకున్నాడు.

హైనెక్ మెల్లగా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, సీసా మీద తను రాసిన పేరు చదివి, మళ్ళీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నేను కిచెన్ శుభ్రం చేసుకుంటా," అని వెళ్ళిపోయాడు.

ఆషావర్ సాయంత్రం రైలు ఎక్కలేదు. తెల్లకోటు అడిగి వేసుకుంది. "ఈసారి నేను చేస్తాను. మీరు చెప్పండి, చెయ్యి మాత్రం పెట్టొద్దు," అంది. వంటగదిలోంచి మిగిలిన పాలపొడి తెచ్చుకుని, నానబెట్టి, కడిగి, యాంటీబాడీ పోసి, మళ్ళీ కడిగింది. ఏ స్లైడు ఏదో మిలాడాకి గానీ రాడిమ్‌కి గానీ తెలియకుండా కలిపేసింది కూడా. పొద్దు వాలుతుండగా ముగ్గురూ మైక్రోస్కోపు దగ్గర చేరారు.

మొదటి స్లైడులో చీకటి మధ్య, కణం నడిబొడ్డున, పచ్చటి చుక్కలు. ఒక్కొక్కటీ సూదిమొనంత పదునుగా ఉంది. రెండోదీ అంతే. మూడో స్లైడులో ఏమీ లేదు. కాటుక చీకటి.

"నేను ఎంజైము పోసింది దీని మీదే," అంది ఆషావర్. చాలాసేపు కళ్ళు తీయకుండా చూస్తూ కూర్చుంది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి అంది: "వెలిగిన స్లైడులు నాకు చాలామంది చూపించారు, డాక్టర్ గారూ. వాటిని నమ్మడం ఎప్పుడో మానేశా. వెలగకూడనిది వెలిగిందని నిండు హాల్లో చెప్పిన మనిషిని మాత్రం ఇవాళే చూశా. మా కణితి ముక్కలు వచ్చే వారం పంపిస్తా. ఇక్కడ చూడండి, మా దగ్గరా చూస్తాం. మూడేళ్ళ క్రితం రాసింది తప్పని ఆ పత్రికలోనే నేనే రాస్తా."

మిలాడా రుమాలు తీసి ముక్కు తుడుచుకుంది. జలుబు వల్ల అనుకోవడానికి వీలుగా ఉంది గానీ, కళ్ళు కూడా తడయ్యాయి. రాడిమ్ గబగబా వెళ్ళి కిటికీ తెర సరిచేస్తున్నట్టు నటించాడు. ఆ తెర మళ్ళీ ఊడి అతని మీదే పడింది. ఆషావర్ ఆ రోజులో రెండోసారి నవ్వింది. ఈసారి మాత్రం అందరికీ ఒకేలా అర్థమయ్యే నవ్వు.

మర్నాడు పత్రికలో మొదటి పేజీలో పెద్ద ఫొటోతో వార్త వచ్చింది: "కేన్సర్ ముడులను వెలిగించిన బ్రనో యాంటీబాడీ." మిలాడా పేరు తప్పుల్లేకుండా వేశారు. ఆషావర్ మెచ్చుకున్న మాటలూ ఉన్నాయి. హైనెక్ పొంగిపోయి ఆ ఫొటోని పెద్దది చేయించి, చట్రం కట్టించి, తన గదిలో తగిలించాడు. వచ్చిన ప్రతి అతిథినీ దాని ముందు నిలబెట్టి, ఆకుపచ్చ చుక్కల్ని ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూపిస్తూ గర్వంగా వివరిస్తాడు.

విలేకరి అచ్చు వేయించింది క్రీము పిండి ఫొటో అని ఆయనకి చెప్పే ధైర్యం ఇన్‌స్టిట్యూట్‌లో ఇంతవరకూ ఎవరికీ రాలేదు.