క్షయ పరీక్షకి శెట్టిగారు పంపిన మచ్చు

జబ్బు పరీక్షకి రోగి కళ్లెనే పంపాలనడం ఏం న్యాయమండీ? రోగి కళ్లెలో రోగం కాక ఇంకేం కనబడుతుంది? ఆ మాత్రానికి బెజవాడ దాకా పంపడమెందుకు, మైక్రోస్కోపులో కళ్లు చికిలించి చూడడమెందుకు? అదే ఇంట్లో అందరికంటే ఆరోగ్యవంతుడి కళ్లె పంపి చూడండి! రిపోర్టు దివ్యంగా వస్తుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

ఈ మహత్తర విధానం కనిపెట్టిన ఘనత తిరువూరులో కందుల వ్యాపారం చేసే రామలింగేశ్వరరావు గారిది. ఊళ్లో అందరూ శెట్టిగారంటారు. ముప్పయ్యేళ్లుగా ఆయన బెజవాడ మిల్లులకి మచ్చు పంపుతున్నారు. మచ్చంటే తెలుసుగా? సరుకెలా ఉందో చూపడానికి గుడ్డలో మూటగట్టి పంపే గుప్పెడు గింజలు. పుచ్చులూ మట్టిబెడ్డలూ ఏరేసి, నిగనిగలాడే గింజలే పంపడం ఆయన వృత్తిధర్మం.

ఆయన భార్య పరమేశ్వరమ్మకి రెండు నెలలుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. డాక్టరు దశరథరామయ్య గారు క్షయేమోనని అనుమానించి స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మూత ఉన్న సీసా ఒకటి శెట్టిగారి చేతికిచ్చి, "రేపు పొద్దున్నే అమ్మగారి కళ్లె ఇందులో పట్టి, బెజవాడ లాబొరేటరీకి పంపండి" అన్నారు.

శెట్టిగారికి భార్యంటే ప్రాణం. ఆవిడ ఒక్క పూట లేవకపోతే కాఫీ గొంతు దిగదు. కానీ సీసా మీద తన ఇంటిపేరు, లోపల ఆ కళ్లె! బెజవాడ మిల్లుల వాళ్లకి తెలిస్తే కందులకి కూడా క్షయే అంటారేమో! వెంటనే తమ్ముడు చంద్రశేఖరాన్ని పిలిచారు. అతగాడు రోజూ వంద బస్కీలు తీసి సేరు పాలు తాగే వస్తాదు.

"ఒరే, గట్టిగా దగ్గి ఇందులో ఉమ్మెయ్యి."

"నాకు దగ్గు లేదుగా అన్నయ్యా!"

"అందుకేరా నిన్ను పిలిచింది!"

రిపోర్టు వచ్చింది. ఒక్క క్రిమి లేదు! డాక్టరుగారు నమ్మలేక, "అయినా ఇంజక్షన్లు ఆపకండి. నెలల తరబడి వాడాల్సిన మందు ఇది. సగంలో ఆపితే మందుకి లొంగని క్రిములే మిగిలి, అవే పెరుగుతాయి" అని మొత్తుకున్నారు.

డాక్టర్లకేం, ఎన్నైనా చెబుతారు! లేని క్రిమికి మందేమిటి? పైగా పరమేశ్వరమ్మకి జ్వరం తగ్గింది. శెట్టిగారు ఇరవయ్యో ఇంజక్షనుతో ఆపేశారు. మరి మిగిలిన మందు పారేస్తారా? ఇంట్లో ఒక్కరికే పొడిపిస్తే మిగతావాళ్లు చిన్నబుచ్చుకోరూ? తల్లి పడిశానికొకటి, తమ్ముడి గోరుచుట్టుకొకటి, నెమలి అనే ఊరి నుంచి చూడవచ్చిన వియ్యపురాలి నడుంనొప్పికి రెండు. వచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపడం ఆ ఇంటా వంటా లేదు.

నాలుగు నెలలు తిరక్కుండానే దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి నెత్తురు కూడా పడింది. మళ్లీ అవే ఇంజక్షన్లు రెండు నెలలు పొడిచినా జ్వరం దిగలేదు. డాక్టరుగారికి ఒళ్లు మండి, ఎదురుగా కూర్చుని పరమేశ్వరమ్మ కళ్లె తానే పట్టించి, తానే బస్సెక్కి తీసుకెళ్లారు. లాబొరేటరీ వాళ్లు ఆ క్రిముల్ని పెంచి, వాటికి స్ట్రెప్టోమైసిన్ తగిలించి చూశారు. కొన్ని వారాలకి రిపోర్టు వచ్చింది. క్రిములు పుష్కలం, మందులో కూడా నిక్షేపంగా పెరుగుతున్నాయి!

"మొదటిసారి ఒక్కటీ లేదన్నారు. ఇన్ని ఎక్కణ్ణించి వచ్చాయండీ?" అని డాక్టరుగారు నిలదీశారు.

"అదీ... అప్పుడు పంపింది మా తమ్ముడిదండి. ఇంటి పరువు కదా అని..." శెట్టిగారు నసిగారు.

పాపం లాబొరేటరీని ఏమనగలం? రెండుసార్లూ నిజమే చెప్పింది. అబద్ధం తిరువూరులోనే బస్సెక్కింది!

తలుపు వెనక ఇదంతా విన్న పరమేశ్వరమ్మ గోడ పట్టుకుని ఇవతలికి వచ్చింది.

"పరువు బాగానే ఉందిగదండీ. దగ్గే నాది" అని మొగుడితో అని, డాక్టరుగారి వైపు తిరిగింది. "నాకింకో మందుందాండీ?"

దశరథరామయ్య గారు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. మొదటి ఇంజక్షను నాడు నా జబ్బుకి మందుందా అని అడిగి ఉంటే, ఉందమ్మా అని ధైర్యంగా చెప్పేవారు.