గుంతల రోడ్డు వయొలిన్

ఆ రోజు పొద్దున వెంకట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. షట్టర్ ఎత్తడం, చాయ్ తాగడం, హన్మంత్ గారి అమ్మాయి పెళ్లి వీడియోను మధ్యాహ్నానికల్లా అప్పజెప్పడం, మర్నాడు వాళ్లింట్లో పదహారు రోజుల పండుగకు వెళ్లి కడుపునిండా భోంచేయడం. కేసముద్రం మార్కెట్ యార్డు ఎదురుగా అతనికి వీడియో మిక్సింగ్ దుకాణం ఉంది. పెళ్లి వీడియోలో గులాబీ రేకులు ఎక్కడ రాలాలో, పావురాలు ఎక్కడ ఎగరాలో అతనికి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. ఈ మాట చెప్పింది కూడా అతనే.

చాయ్ గ్లాసు పెదవి దాకా వచ్చేసరికి పెళ్లికూతురి తల్లి ప్రేమలత లోపలికి వచ్చి కుర్చీ లాక్కుంది.

“తమ్మీ, అప్పగింతలు జర చూపియ్యి.”

చూపించాడు. తెర మీద హన్మంత్ దంపతులు పాలలో ముంచిన కూతురి చేతులను అత్తమామల చేతుల్లో పెడుతున్నారు. చుట్టూ ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. పెళ్లికొడుకు ప్రణయ్ వాళ్లందరికంటే ఎక్కువ ఏడుస్తున్నాడు. అతనంత మెత్తని మనిషని సొంతూరు మొగుళ్లపల్లిలో కూడా అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎర్రగా ఉబ్బిన అతని ముక్కు చూసి పెళ్లికూతురు అక్షిత నవ్వుతున్నది. భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నది. కారెక్కేదాకా ఆ నవ్వు ఆగలేదు.

“పిల్ల పుట్టింటి నుంచి జైలు ఇడిచినట్టు పోయిందని మొగుళ్లపల్లోళ్లు అంటున్నరట,” అంది ప్రేమలత. ఆ తర్వాత ఆమె గొంతు తగ్గిపోయింది. “వాళ్ల సంగతి పోనియ్యి. సిన్నప్పటి సంది కండ్లల్ల పెట్టుకుని పెంచిన. నా బిడ్డ నా కోసం ఒక్క సుక్క రాల్చలే.”

వెంకట్‌కు జాలి వేసింది. చాయ్ పక్కన పెట్టాడు.

“రేపు వియ్యపురాలు వస్తున్నది. టీవీల అందరు సూస్తరు. గా నవ్వు నవ్వు లెక్క కనవడొద్దు. వయొలిన్ పెట్టు. రాళ్లు గూడ ఏడ్వాలె.”

“నా దగ్గర రెడీమేడ్ ఏడుపు ఉన్నదక్కా.”

“అది సుజాత బిడ్డ పెండ్లిల పెట్టినవ్. అందరు గుర్తువడ్తరు. నా బిడ్డకు కొత్తది కావాలె.”

వయొలిన్ వాయించేవాళ్లెవరూ వెంకట్‌కు తెలియదు. ఫోన్‌లో ఒక యాప్ దింపుకున్నాడు. తెర మీద నాలుగు తీగలుంటాయి, వేలితో గీస్తే మోగుతాయి. స్వరంలో వణుకు పుట్టాలంటే ఫోన్‌ను వణికించాలని అందులో బొమ్మ వేసి చూపించారు. ఏడుపంతా ఆ వణుకులోనే ఉంది. అతను గట్టిగా ఊపాడు. దోమను తోలుతున్నట్టు వినిపించింది. మెల్లగా ఊపాడు. లారీ వెనక్కి వచ్చేటప్పటి కూత వచ్చింది. పక్క దుకాణం కొమురమ్మ తొంగి చూసి, “ఫ్యాన్‌కు జర నూనె పొయ్యరాదు తమ్మీ,” అని చెప్పి పోయింది.

మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టి, విసిగిపోయి, అన్నానికి ఇంటికి పోదామని గోప్యా ఆటో ఎక్కాడు. వెంకట్ ఇంటికి తండా మీదుగా పోవాలి. పత్తి లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు మీద రోడ్డు తక్కువ, గుంతలు ఎక్కువ. వెంకట్ వేలు ఇంకా ఫోన్ తీగ మీదే ఉంది. ఆటో మొదటి గుంతలో పడింది. వయొలిన్ వెక్కింది. రెండో గుంతలో దాని గొంతు పూడుకుపోయింది. మూడోది పెద్ద గుంత. అందులో దిగి ఎక్కేసరికి, పిల్లను సాగనంపి ఖాళీ ఇంట్లోకి తిరిగొచ్చిన తల్లి మూలిగినట్టు ఒక స్వరం సాగింది.

గోప్యా ఆటో ఆపి కండ్లు తుడుచుకున్నాడు. “అన్నా, ఏందే గిది? మా అవ్వ యాదికొచ్చింది.”

“వెనక్కి తిప్పు గోప్యా. మళ్ల పడదాం.”

ఆ తర్వాత ఆ ఆటో తండా రోడ్డు మీద పోవడం, రావడం, మళ్లీ పోవడం. అన్నం సంగతి ఇద్దరూ మరచిపోయారు. “ఎడమ దాంట్ల మెల్లగ దించు, గాడ బాధ ఎక్కువుండాలె,” అని వెంకట్ చెబితే, “దాని పక్కదాంట్ల అయితే ఇంక ఎక్కువుంటదన్నా,” అని గోప్యా సలహా ఇవ్వసాగాడు. సాయంత్రానికి పాట చాలావరకు కుదిరింది. అక్షిత కారెక్కే చోటు ఒక్కటే మిగిలింది.

ఇదంతా తండా చూస్తూనే ఉంది. రోజూ ఆటోలో కూర్చుని దాటిపోయే వెంకట్ ముఖం అక్కడ ఎవరికీ గుర్తు లేదు. ప్యాంటు షర్టు వేసుకున్న మనిషి ప్రతి గుంతలోనూ కావాలని పడుతున్నాడు. ఫోన్ చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. పెద్దమనిషి జాల్యా చుట్ట వెలిగించి తేల్చి చెప్పాడు. పట్నం నుంచి సారు వచ్చాడు, గుంతల లోతు కొలిచే మిషన్ తెచ్చాడు, పేరు చెప్పకుండా తనిఖీ చేస్తున్నాడు.

పెంటమ్మ ఆటోకు అడ్డం వచ్చింది. “సారూ, మా ఇంటి ముంగటి గుంత సూడనే లేదు. మొన్న అండ్ల బర్రె వడ్డది.”

వెంకట్ ముఖం వెలిగిపోయింది. “బర్రె వడ్డదా? గట్లయితే మస్తుంటది. రేపు పొద్దుగాల మొదలు అక్కడికే వస్త.”

ఇంత శ్రద్ధ ఉన్న అధికారిని తండావాళ్లు ఎప్పుడూ చూడలేదు. ఎవరో ఫొటో తీశారు. చీకటి పడేలోగా ఆ ఫొటో ‘రహస్య తనిఖీ’ అన్న పేరుతో ఊళ్లన్నీ తిరిగి రోడ్డు కాంట్రాక్టరుకు చేరింది. ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి వెంకట్, గోప్యా వచ్చేసరికి రోడ్డు నిండా టిప్పర్లు, కంకర, తారు వాసన. బర్రె పడ్డ గుంత నున్నగా పలకలా మెరుస్తున్నది. మధ్యాహ్నం భోజనాలు కాగానే వీడియో పెట్టాలి, చివరి ఏడుపు ఇంకా మిగిలే ఉంది. వెంకట్ పరుగెత్తి రోలరుకు అడ్డం నిలబడ్డాడు.

“అన్నా, మీకు దండం పెడ్త. ఒక్క గుంతన్న ఉంచుండ్రి.”

జాల్యా కొడుకు బలరాం వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. “నువ్వు గుంతలు పూడ్పించెటోనివి కాదా? మరెవనివి?”

తీసుకుపోయి జాల్యా మంచం ముందు నిలబెట్టారు. వెంకట్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పెళ్లిలో నవ్విన పిల్ల, ఏడవాల్సిన వయొలిన్, వణకాల్సిన ఫోన్. ఎంత నిజం చెబితే అంత అబద్ధంలా వినిపించింది. చివరికి ఏం చేయాలో తోచక పాట పెట్టాడు.

జాల్యా భార్య రామి దగ్గరికి వచ్చి కూర్చుంది. తండాలో పెళ్లికూతుళ్లకు సాగనంపేటప్పుడు పాడే ఏడుపు పాటలు నేర్పేది ఆమే. పాట వింటూ వింటూ ఆమె కొంగు తీసి కళ్లకు అద్దుకుంది. పాట ఉన్నట్టుండి ఆగిపోయేసరికి ఆమెకు కోపం వచ్చింది.

“పిల్ల ఇంక బండెక్కనే లేదు. నడుమ ఆపితే ఎట్ల?”

“గుంతలు లేవు గదవ్వా,” అన్నాడు వెంకట్ దీనంగా.

రామి కొడుకు వైపు చూసింది. బలరాం ట్రాక్టర్ తీశాడు. పత్తికట్టె పీకి దున్నిన చేను ఉంది, అందులో కావలసినన్ని గడ్డలున్నాయి. వెంకట్ ట్రాలీలో నిలబడ్డాడు, పడిపోకుండా ఇద్దరు అతని నడుము పట్టుకున్నారు. పాట యాప్ లోపలే రికార్డవుతుంది కాబట్టి ఇంజను మోత గొడవ లేదు. రామి గట్టు మీద నిలబడి, “ఇంక ఏడ్వాలె, చాలలే,” అని అరుస్తుంటే బలరాం గేరు మార్చాడు. ట్రాక్టర్ చేని ఒడ్డు ఎక్కి దూకినప్పుడు అక్షిత కారెక్కింది.

మధ్యాహ్నం హన్మంత్ ఇంటి హాలు మొగుళ్లపల్లి చుట్టాలతో నిండిపోయింది. వెంకట్ ఆ నవ్వును నెమ్మది చేసి పెట్టాడు. ఎగిరెగిరి పడే భుజాలకు వయొలిన్ తోడయ్యేసరికి పిల్ల కుమిలి కుమిలి ఏడుస్తున్నట్టే ఉంది.

“అయ్యో, పిల్ల గింత ఏడ్సిందా?” అని వియ్యపురాలు ముక్కు చీదింది. ప్రణయ్ అప్పటికే మొదలుపెట్టాడు.

ప్రేమలత టీవీ చూడటం లేదు, కూతురిని చూస్తున్నది. ఆ రోజు తాను నవ్విందని అక్షితకు తెలుసు. అయినా ఆమె పెదవి వణికింది. పాట ట్రాక్టర్ ఒడ్డు దూకిన చోటికి వచ్చేసరికి అక్షిత తల్లి ఒళ్లో పడిపోయింది.

“అమ్మా, నేను పోను. నిన్నిడిచి నేనేడికి పోను.”

ప్రేమలత కూతురి తల నిమిరింది. ఆ క్షణంలో ఆమెకు ప్రపంచంలో ఇక కావలసిందేమీ లేదు. ఆమె సంతోషంతో ఏడ్చింది.

“నాల్గొద్దులు ఉండనియ్యి వదినే,” అంది వియ్యపురాలు.

“గట్లయితే నేను గూడ ఉంట,” అన్నాడు ప్రణయ్.

ఆ నాలుగు రోజులు ఎప్పుడో దాటిపోయాయి. అల్లుడు ఇంట్లో ఉన్నాక కోడి కోయక తప్పదు. పెరట్లో కోళ్లు అయిపోయాయి. చల్లగాలి వచ్చే గది అల్లుడిదైంది, హన్మంత్ వరండాలో దోమలతో పడుకుంటున్నాడు. ప్రేమలత పొయ్యి దగ్గరి నుంచి లేవడం లేదు. బ్యాగు సర్దినప్పుడల్లా ప్రణయ్ ఆ వీడియో పెడతాడు, భార్యాభర్తలిద్దరూ ఏడుస్తారు, బ్యాగు మళ్లీ అల్మారా ఎక్కుతుంది.

“తమ్మీ, గా వయొలిన్ తీసెయ్యరాదు,” అని ప్రేమలత ఫోన్ చేసింది.

“అందరి ఫోన్లల్లకు పోయిందక్కా. ఇంక నా చేతుల లేదు.”

చివరికి ఒక పొద్దున ఆమే స్వయంగా బ్యాగులు సర్ది, కారు పిలిపించి, ఇద్దరినీ భుజాలు పట్టి లోపల కూర్చోబెట్టింది. అక్షిత కారు కిటికీ పట్టుకుని వాడంతా వినపడేలా ఏడ్చింది. ప్రేమలత తలుపు వేసి, కారు మలుపు తిరిగేదాకా ముఖమంతా నవ్వుతో చెయ్యి ఊపుతూ నిలబడింది.

పిల్ల గుండె పగిలేలా ఏడ్చింది గాని తల్లి కంట్లో ఒక్క చుక్క రాలలేదని మొగుళ్లపల్లిలో ఇప్పుడు చెప్పుకుంటున్నారు.